బంతి వెనక్కి... ఆట ముందుకి!

మన తిరుపతి, చిత్తూరు వైపు అమెరికాతో చుట్టరికం లేని వీధి ఉందంటే నమ్మడం కష్టం. ఒకరి కొడుకు డల్లాస్‌లో, ఇంకొకరి కూతురు న్యూజెర్సీలో, మనవళ్లూ మనవరాళ్లూ కాలిఫోర్నియాలో. ఫోను రాగానే మనం అడిగేవి కొన్ని ప్రశ్నలున్నాయి. తిన్నారా? అక్కడ చలి ఎట్లా ఉంది? పిల్లకు మార్కులెన్ని వచ్చినాయి? అయితే "పిల్ల ఏ ఆట ఆడుతోంది?" అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఆ దేశంలో ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. బాగా ఆడే పిల్లలకు ఫీజు భారం తగ్గించి మరీ సీటిచ్చే కళాశాలలు అక్కడున్నాయి. ఆట అక్కడ వినోదమే కాదు, చదువుకు దారి, కోట్ల డాలర్ల వ్యాపారం కూడా.

అంత పెద్ద ఆటల సంతలో ఒక ఆట మాత్రం వందేళ్లుగా వాకిట్లోనే నిలబడి ఉంది. దాని పేరు రగ్బీ. ఈమధ్య ఆ ఆటకు ఆ ఇంటి తలుపు కొద్దిగా తెరుచుకుంటోంది. తెరుస్తున్నది ఎవరో తెలుసా? ఆడవాళ్లు! అందుకే ఈ కబురు మన పేజీలోకి వచ్చింది.

ఇంతకీ ఏమిటీ ఆట?

"రగ్బీనా? అదేందమ్మా, రగ్గులేమన్నా అమ్మేదా?" అని మా పక్కింటావిడ నవ్వుతూ అడిగింది. ఆమె నవ్వులో తప్పులేదు. మనలో చాలామందికి క్రికెట్ తెలుసు, కబడ్డీ తెలుసు, సానియా మీర్జా పుణ్యమా అని టెన్నిస్ తెలుసు, సింధు పుణ్యమా అని బాడ్మింటన్ తెలుసు. రగ్బీ తెలిసే అవకాశమే రాలేదు.

కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తి, అవతలి వాళ్ల గీత దాటించి నేలకు ఆనించడం ఈ ఆట. అట్లా ఆనిస్తే 5 పాయింట్లు. దానికి 'ట్రై' అని పేరు. ఆ తర్వాత గోలు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నగలిగితే ఇంకో 2 పాయింట్లు. అడ్డం వచ్చేవాళ్లు బంతి ఉన్న మనిషిని పట్టుకుని కింద పడేయవచ్చు. మన కబడ్డీలో కూతకొచ్చిన మనిషిని పట్టేసినట్టే అనుకోండి. తేడా ఏమిటంటే ఇక్కడ పట్టేది మెడకు కిందనే, మెడ మీద చెయ్యి పడితే తప్పు.

పెద్ద ఆటలో జట్టుకు 15 మంది, 80 నిమిషాలు. చిన్న ఆటలో జట్టుకు ఏడుగురు, 14 నిమిషాలు. దీన్నే 'సెవెన్స్' అంటారు. ఒలింపిక్స్‌లో ఉండేది ఇదే.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. పక్కకో, వెనక్కో మాత్రమే అందించాలి. అంటే జట్టు ముందుకు పోవాలంటే, బంతి పట్టుకున్న మనిషి తన వెనక వస్తున్న వాళ్లను నమ్ముకోవాలి. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన వాళ్లకు ఈ నియమం విడమరిచి చెప్పనక్కరలేదు!

కలకత్తా వెండి రూపాయలు

రగ్బీ మనకు కొత్తే గానీ మన దేశానికి కొత్త కాదు. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో తెల్లదొరలు రెండు జట్లుగా విడిపోయి ఈ ఆట ఆడారు. ఆ మరుసటి ఏడు క్లబ్బు పెట్టుకున్నారు. నాలుగైదేళ్లు గడిచేసరికి సభ్యులు పోలో, టెన్నిస్ వైపు మళ్లిపోయారు. క్లబ్బులో ఉచితంగా పోసే మందు ఆపేశాక జనం ఇంకా పలచబడ్డారని చెబుతారు. 1878లో క్లబ్బు మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయలుగా తీసుకుని, వాటిని కరిగించి ఒక కప్పు చేయించారు. పిడులకు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు, అంతా మన దేశపు పనితనం. ఆ కప్పును ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి ఇచ్చేశారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు దాని కోసమే తలపడుతున్నాయి. ఇప్పటికీ దాని పేరు 'కలకత్తా కప్పు'.

కప్పు మిగిలింది, ఊళ్లో ఆట మిగల్లేదు. ఎందుకు మిగల్లేదంటే, అది దొరల క్లబ్బు గోడ దాటి మన ఇళ్లలోకి రాలేదు. ఇంట్లోకి రాని ఆట ఊళ్లో నిలవదు. ఈ మాట గుర్తుపెట్టుకుంటే అమెరికా సంగతి సులభంగా అర్థమవుతుంది.

బంగారం గెలిచి కూడా...

1920లోనూ 1924లోనూ ఒలింపిక్స్‌లో రగ్బీ బంగారు పతకం గెలిచింది ఎవరనుకుంటున్నారు? అమెరికానే! 1924లో పారిస్ నగరంలో ఫ్రాన్సు జట్టునే ఓడించారు. అయితే ఆ తర్వాత ఒలింపిక్స్‌లోంచి రగ్బీని తీసేశారు. అది సెవెన్స్ రూపంలో తిరిగొచ్చింది 2016లో రియోకి. ఈలోగా అమెరికాలో రగ్బీ కడుపునే పుట్టిన 'అమెరికన్ ఫుట్‌బాల్' తల్లిని మించిపోయింది. పిల్ల పెద్దదై ఇల్లంతా ఆక్రమిస్తే తల్లి వసారాలోకి చేరినట్టయింది.

దీనికి డబ్బు కారణం కూడా ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆగి ఆగి సాగుతుంది. ఆగినప్పుడల్లా టీవీలో ప్రకటన. ఆ ఆట ఫైనల్‌ను 'సూపర్ బౌల్' అంటారు. 2025లో ఆ మ్యాచ్ మధ్యలో 30 సెకన్ల ప్రకటనకు దాదాపు 80 లక్షల డాలర్లు తీసుకున్నారు. మన లెక్కలో 60 కోట్ల రూపాయల పైమాటే! రగ్బీ అట్లా కాదు. 40 నిమిషాలు మొదలైతే గడియారం పెద్దగా ఆగదు. చూసేవాళ్లకు పండగే, ప్రకటనలు అమ్ముకునే టీవీ వాళ్లకు మాత్రం తలనొప్పి. కొట్టు తెరిచినా గల్లాపెట్టె పెట్టుకోను చోటు లేదన్నమాట.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. 2018లో 7 జట్లతో 'మేజర్ లీగ్ రగ్బీ' అని మగవాళ్ల లీగ్ మొదలుపెట్టారు. 2022 నాటికి 13 జట్లయ్యాయి. డబ్బున్న యజమానులు వచ్చారు, విదేశాల నుంచి పేరున్న ఆటగాళ్లు వచ్చారు. ప్రేక్షకులు ఆ లెక్కన రాలేదు. 2025 సీజన్ అయ్యాక ఒక్కసారిగా పలు జట్లు తప్పుకున్నాయి. అంతకు ముందే, 2020లో, అమెరికా రగ్బీ సంఘం దివాలా పిటిషన్ వేసి బయటపడాల్సి వచ్చింది. 2023 ప్రపంచ కప్పుకు మగవాళ్ల జట్టు అర్హతే సాధించలేదు.

ఇన్ని ఎదురుదెబ్బల మధ్యనే 2022 మేలో అంతర్జాతీయ రగ్బీ సంఘం ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. 2031లో పురుషుల ప్రపంచ కప్పు, 2033లో మహిళల ప్రపంచ కప్పు రెండూ అమెరికాకే ఇచ్చింది. అంత పెద్ద సంతలో కొంచెం చోటు దొరికినా చాలని వాళ్ల ఆశ. పెళ్లికి ముహూర్తం పెట్టేశారు, ఇక పందిరి వేయాలి. ఆ పందిరి గుంజలు ఎవరు పాతాలి?

ఆడవాళ్లు పాతిన గుంజలు

ఈ కథ 1991 నుంచి మొదలుపెట్టాలి. మహిళల రగ్బీ ప్రపంచ కప్పు మొదటిసారి వేల్స్‌లో జరిగింది. పెద్ద కంపెనీల అండ లేదు. డెబోరా గ్రిఫిన్, మరో ముగ్గురు మహిళలు ఉద్యోగాలు చేసుకుంటూనే దాన్ని తలకెత్తుకున్నారు. 12 దేశాలు వచ్చాయి. సోవియట్ జట్టు చేతిలో విదేశీ డబ్బు లేక, తెచ్చుకున్న వోడ్కా సీసాలూ వస్తువులూ అమ్మి ఖర్చులు గడుపుకోవాలని చూసిందట! ఫైనల్‌లో ఇంగ్లండ్‌ను 19-6తో ఓడించి కప్పు ఎత్తింది అమెరికా అమ్మాయిలు. అమెరికా మగవాళ్లు ఇప్పటివరకు ఆ కప్పు దరిదాపులకు కూడా పోలేదు. అన్నట్టు, ఆ డెబోరా గ్రిఫిన్ 2025లో ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

అమెరికా అమ్మాయిలకు ఆ బలం ఎక్కడిది? ఒక చట్టం నుంచి. 1972లో వచ్చిన 'టైటిల్ నైన్' చట్టం ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడులూ కళాశాలలూ ఆడామగా తేడా చూపకూడదు. ఆటలకూ అది వర్తించింది. అబ్బాయిలకు మైదానం ఇస్తే అమ్మాయిలకూ ఇవ్వాలి. కళాశాలల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ 2002లో మహిళా రగ్బీని 'ఎదుగుతున్న క్రీడల' జాబితాలో చేర్చింది. 40 కళాశాలలు జట్లు పెడితే ఆ ఆట జాతీయ ఛాంపియన్‌షిప్ స్థాయికి పోవచ్చు. మగవాళ్ల రగ్బీకి ఈ సంఘం గొడుగే లేదు. ఇక్కడ మాత్రం అమ్మాయిలే ఒక అడుగు ముందున్నారు.

2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల సెవెన్స్ కాంస్య పతకం పోటీ. అమెరికా, ఆస్ట్రేలియా. ఆట చివరి క్షణాల్లో అమెరికా వెనకబడి ఉంది. అలెక్స్ సెడ్రిక్ అనే అమ్మాయి బంతి అందుకుని దాదాపు మైదానం పొడవునా పరుగెత్తి గీత దాటింది. ఆపైన తన్నిన తన్నూ ఆమెదే. 14-12తో గెలిచారు. 1924 తర్వాత రగ్బీలో అమెరికాకు దక్కిన తొలి ఒలింపిక్ పతకం అది. సరిగ్గా వందేళ్లు! వెంటనే మిషెల్ కాంగ్ అనే మహిళా వ్యాపారవేత్త ఆ జట్టుకు నాలుగేళ్లపాటు మొత్తం 40 లక్షల డాలర్లు ఇస్తానని ప్రకటించారు.

"ఇంత లావా?" అన్నవాళ్లకు జవాబు

ఆ జట్టులోనే ఇలోనా మహర్ ఉంది. నర్సింగ్ చదివింది. మనిషి పొడగరి, దిట్టమైన ఒళ్లు. పెదవులకు రంగు వేసుకునే మైదానంలోకి దిగుతుంది. ఎత్తుకూ బరువుకూ లెక్కగట్టే 'బీఎంఐ' 30 ఉంటుందంటూ ఎవరో ఎగతాళి చేస్తే, అవును, 30 దగ్గరే ఉంది, అయినా ఒలింపిక్స్‌కు పోతున్నానని ధైర్యంగా జవాబిచ్చింది. ఆమె మాటలు వినడానికి లక్షల మంది ఆడపిల్లలు ఫోన్లలో చేరిపోయారు. 2024లోనే టీవీ డాన్సు పోటీలో రెండో స్థానంలో నిలిచింది. అంతవరకు రగ్బీ ముఖం ఎరగని అమెరికా ఇళ్లలోకి ఆ పిల్ల రగ్బీని తీసుకుపోయింది.

బొద్దుగా ఉన్న పిల్లను "ఏందే అట్లా పెరిగిపోతావుండావు" అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అనే మన ఇళ్లలో ఈ సంగతికి ఎంత విలువుందో ఆలోచించండి. రగ్బీలో పొట్టి పిల్లకూ చోటుంది, పొడుగు పిల్లకూ ఉంది. సన్నగా గాలిలా పరుగెత్తే పిల్ల కావాలి, గట్టిగా నిలబడి తోసే బరువైన పిల్లా కావాలి. ఇన్ని రకాల ఒళ్లకు చోటిచ్చే ఆటలు తక్కువ.

2025 మేలో కాన్సాస్ సిటీలో అమెరికా, కెనడా అమ్మాయిల మ్యాచ్‌కు పదివేల మందికి పైగా వచ్చారు. ఆ ఏడే ఆరు జట్లతో మహిళల లీగ్ ఒకటి అమెరికాలో మొదలైంది. సెప్టెంబరు 27న లండన్‌లో జరిగిన మహిళల ప్రపంచ కప్పు ఫైనల్‌లో ఇంగ్లండ్ 33-13తో కెనడాను గెలిచింది. చూడ్డానికి వచ్చినవాళ్లు 81,885 మంది!

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలంటే, అదే ప్రపంచ కప్పు తొలి మ్యాచ్‌లో అమెరికా 69-7 తేడాతో ఇంగ్లండ్ చేతిలో ఓడింది, తొలి దశ దాటలేదు. ఒక్క తార వెలిగితే జనం వస్తారు. జట్టు నిలవాలంటే బడిలో, కళాశాలలో, వీధి మైదానంలో వేల మంది పిల్లలు ఆడాలి. ఇంగ్లండ్ తన మహిళా క్రీడాకారిణులకు 2019లోనే పూర్తికాలపు జీతాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఫలితం ఆరేళ్లకు కనిపించింది. పెరుగు తోడుకోవాలన్నా ఒక రాత్రి ఆగాలి కదా!

అమ్మల భయం అబద్ధం కాదు

రగ్బీలో దెబ్బలు తగులుతాయి. ముఖ్యంగా తలకు తగిలే దెబ్బ ప్రమాదం. అమెరికన్ ఫుట్‌బాల్‌కు పిల్లల్ని పంపడానికి అక్కడి తల్లులు జంకడానికీ ఇదే కారణం. రగ్బీ వాళ్లు ఈ విషయంలో చాలా మార్పులు తెచ్చారు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే బయటికి పంపి పరీక్ష చేస్తారు. 2025 మహిళల ప్రపంచ కప్పులో పళ్లకు పెట్టుకునే తొడుగులోనే చిన్న పరికరం పెట్టి, గట్టి దెబ్బ తగిలితే ఎర్రదీపం వెలిగేట్టు చేశారు. చిన్నపిల్లలకైతే పడేయడం లేకుండా, నడుముకు కట్టిన పట్టీ లాగేసే 'ట్యాగ్' ఆట ఉంది.

అమెరికాలో రగ్బీకి అసలు పోటీ కూడా ఇక్కడి నుంచే రాబోతోంది. పట్టీలు లాగే 'ఫ్లాగ్ ఫుట్‌బాల్' 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి ఉంటుంది, ఆడవాళ్లకూ మగవాళ్లకూ. అమెరికా బడుల్లో అమ్మాయిలు ఇప్పటికే అటువైపు పోతున్నారు. దెబ్బలు తక్కువ, పేరేమో ఇంట్లో అందరికీ తెలిసిన ఫుట్‌బాల్. రగ్బీ తల్లుల భయం తీర్చలేకపోతే ఈ పందెంలో వెనకబడిపోతుంది.

మన క్రికెట్ సంగతి వేరు. 2023లో ఆరు జట్లతో మొదలైన అమెరికా క్రికెట్ లీగ్‌కు అక్కడున్న మన కుటుంబాలే పెట్టుబడి. సియాటిల్ జట్టు యజమానుల్లో మన సత్య నాదెళ్ల, మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ సంస్థ ఉన్నారు. 2023లో జరిగిన తొలి అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్పులో అమెరికా జట్టుకు కెప్టెన్ గీతిక కొడాలి! తాతల నాటి ఇష్టం పెట్టెల్లో సర్దుకుని విమానం ఎక్కింది కాబట్టి క్రికెట్‌కు ప్రేక్షకులు అక్కడ సిద్ధంగా ఉన్నారు. రగ్బీకి ఆ బలగం అంతగా లేదు. అది ఒక్కొక్క ఇంటి తలుపూ కొత్తగా తట్టాలి.

మన గుమ్మం ముందుకు

ఆ జీఎంఆర్ సంస్థే 2025 జూన్‌లో మన దేశ రగ్బీ సంఘంతో కలిసి ముంబైలో 'రగ్బీ ప్రీమియర్ లీగ్' జరిపింది. ఆరు జట్లు. అందులో హైదరాబాద్ హీరోస్ ఒకటి. మన తిరుపతికి దగ్గరి ఊరైన చెన్నై జట్టు కప్పు గెలిచింది. ప్రపంచంలో పేరున్న సెవెన్స్ ఆటగాళ్లు మన కుర్రాళ్లతో కలిసి ఆడారు. సంతోషమే. అయితే ఆరు జట్లూ మగవాళ్లవే.

మన ఆడపిల్లలకు ఆట రాకనా? భారత మహిళల జట్టు పదిహేను మంది ఆటలో 2018లో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. మరుసటి ఏడే మనీలాలో 21-19తో సింగపూర్‌ను గెలిచింది. అదే వాళ్ల తొలి గెలుపు. గెలిపించిన తన్ను ఒడిశా అమ్మాయి సుమిత్రా నాయక్‌ది. బీహార్ అమ్మాయి స్వీటీ కుమారి అంతర్జాతీయ యువ క్రీడాకారిణిగా పేరు తెచ్చుకుంది. వీళ్లెవరూ క్లబ్బుల్లో పుట్టిన పిల్లలు కారు, చిన్న ఊళ్ల పిల్లలు.

క్రికెట్లో ఐపీఎల్ 2008లో వస్తే ఆడవాళ్ల లీగ్ 2023లో వచ్చింది. పదిహేనేళ్ల ఎడం. వచ్చిన రెండేళ్లకే మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ లీగ్‌లో అడుగుపెట్టి, 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో నిలబడింది. టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆ పదిహేనేళ్లలో ఎంతమంది శ్రీచరణులు వంటింట్లోనే ఉండిపోయారో ఎవరు లెక్కగట్టారు? రగ్బీ అయినా అన్నేళ్లు ఆగకూడదు. అమెరికా అనుభవం చెబుతున్నది కూడా ఇదే. మగవాళ్ల లీగ్‌కు డబ్బు పోసి, ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దామనుకుంటే, ఆ 'తర్వాత' వచ్చేలోగా లీగే మిగలకపోవచ్చు.

మా వీధిలో ఒకమ్మాయి బడిలో కబడ్డీ బాగా ఆడేది. పట్టు పడితే వదిలేది కాదు. తొమ్మిదో తరగతి దాటగానే మాన్పించేశారు. "కాలో చెయ్యో ఇరిగితే రేపు ఎవురు చేసుకుంటారు?" అన్నది ఆ తల్లి. ఆమెను తప్పుపట్టలేం. ఆ భయం ఆమె ఒక్కదానిదీ కాదు, మనందరం తలా ఇంత పోసి పెంచిందే. ఆ పిల్ల పట్టు చూసి ఉంటే ఏ రగ్బీ కోచ్ అయినా వదిలిపెట్టేవాడు కాడని నాకనిపిస్తుంది.

మన పిల్లలందరూ రగ్బీయే ఆడాలని కాదు. కబడ్డీ ఆడనీ, ఖోఖో ఆడనీ, ఏదో ఒకటి ఆడనీ. పదమూడేళ్లకు మైదానం నుంచి తప్పించిన పిల్లకు, ఎన్ని కోట్లతో ఏ లీగ్ వచ్చినా ఏం లాభం?

ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి పోయినప్పుడు, మార్కుల చీటీ చూసి మడిచేశాక, ఇంకో రెండు ప్రశ్నలు అడిగి చూడండి. మా అమ్మాయికి వారానికి ఆటల పీరియడ్లు ఎన్ని? ఆ పీరియడ్‌లో నిజంగా ఆడిస్తున్నారా, లెక్కలు చెప్పిస్తున్నారా?